ఇరాన్ అని కొట్టింది నేనే

నిన్న మధ్యాహ్నం ముదినేపల్లి బస్సులో ఉండగా రఫీ ఫోన్ చేశాడు.

"అక్కా, నాన్న వెళ్ళిపోయారు."

ఎక్కడికి అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాక తెలిసింది. పక్క సీటావిడ నా మొహం చూసి మంచినీళ్ళ బాటిల్ ఇచ్చింది.

రఫీ వాళ్ళ నాన్న, మస్తాన్ బాబాయి గారు, ఇక లేరు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసేవారు. డిగ్రీ చదవడానికి కొల్లేటికోట నుంచి వచ్చిన నాకు పక్క వాటా అద్దెకిచ్చి, మూడేళ్ళు సొంత కూతురిలా చూసుకున్నారు.

కొనడానికి ఎవరొచ్చినా వెంటనే తివాచీ చుట్ట విప్పేవారు కాదు. కూర్చోబెట్టి, టీ చెప్పి, "మా పెద్దలు పర్షియా నుంచి వచ్చారండీ" అని మొదలుపెట్టేవారు. ఓడలు, ఎడ్లబళ్ళు, నవాబులు అన్నీ అయ్యాకే తివాచీ నేల మీద పరిచేది. వచ్చినవాళ్ళు వాచీ చూసుకునేవాళ్ళు. ఆయనకి పట్టేది కాదు. వాళ్ళ నాన్నా అంతేనట, తాతా అంతేనట. ఆ ఇంటి పద్ధతి అది.

ఆ కథ పట్టుకునే నేను ఆయన్ని ముంచాను.

కంటిపాప ఫోటో తీసి కంప్యూటర్ కార్డులు ఇచ్చిన రోజులు గుర్తున్నాయిగా. అప్పుడు నేను ఆ సెంటర్లో కాంట్రాక్ట్ ఆపరేటర్ని. బాబాయి గారు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చి నా ముందు కూర్చున్నారు.

స్క్రీన్ మీద నేషనాలిటీ అని ఒక గడి. దాని కింద సిటిజన్‌షిప్ అని ఇంకో గడి.

రెండిటికీ తేడా ఏమిటో ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కింది గడిలో ఇండియా కొట్టాను. పైదాంట్లోనూ అదే అయితే రెండు గడులెందుకు అనిపించింది. వంశం ఎక్కడిదో అడుగుతున్నారు కాబోలు అనుకున్నాను.

"మీ పర్షియా ఇక్కడ పెట్టమంటారా బాబాయి గారూ?"

"పెట్టమ్మా. కంప్యూటర్లో ఉంటే మా మనవలు కూడా కాదనలేరు."

లిస్టులో పర్షియా లేదు. పక్క ఆపరేటర్ని అడిగితే ఇరాన్ అన్నాడు. నొక్కేశాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

రెండేళ్ళ తర్వాత హజ్‌కి ఆయన పేరు ఎంపికైంది. పిన్ని పోయినప్పటి నుంచి ఆయన ఎదురుచూసింది ఆ ఒక్కదానికే. వెరిఫికేషన్‌లో కంప్యూటర్ పై గడి ఒక్కటే చూసింది. ఇరాన్ అని ఉంది కాబట్టి విదేశీయుడన్నారు. పాస్‌పోర్టు ఆపేశారు.

ఏలూరులో పుట్టి, ఏలూరులో ఓటేసి, తాడేపల్లిగూడెంలో పెళ్ళికెళ్ళినా రాత్రికి ఇంటికొచ్చేసే మనిషి.

ఒక ఆఫీసులో అయితే ఇరాన్ పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం తెమ్మన్నారు. లేనిదాన్ని వదులుకున్నట్టు ఎవరిస్తారండీ అని ఈయన మర్యాదగా అడిగారు. టీకొట్టు దగ్గర అందరికీ సరదా అయిపోయింది. "ఏవండీ ఇరాన్ గారూ, మీ దేశం ఎప్పుడు వెళ్తున్నారండీ?" మన వాళ్ళ మర్యాద అలాంటిది. అండీ అంటూనే కోసేస్తాం.

ఇక ఎవరికీ చెప్పనిది.

ఒక పెద్దాఫీసరు బాబాయి గారినీ నన్నూ పిలిచాడు. మంచివాడే. "ఇక్కడ అడిగేది ఇప్పుడు ఏ దేశం మనిషి అని. తాతముత్తాతలు ఎక్కడివాళ్ళని కాదమ్మా. ఆపరేటర్ పొరపాటు అని లెటర్ రాసివ్వు, సరిచేయిస్తాను" అన్నాడు.

ఆ నెలలోనే మా కాంట్రాక్టుల రెన్యువల్. పొరపాటు ఒప్పుకున్నవాళ్ళని తీసేస్తున్నారు. నేను పెన్ను తియ్యలేదు.

బాబాయి గారు నా వైపు ఒకసారి చూశారు.

"అమ్మాయి తప్పేం లేదండీ. నేనే చెప్పి పెట్టించానండీ."

నేను ఊరుకున్నాను.

దరఖాస్తుదారే తప్పు చెప్పాడని ఫైల్లో రాసుకున్నారు. ఆ ఫైలు మళ్ళీ కదల్లేదు. నా ఉద్యోగం రెన్యువల్ అయింది. ఆయన ఎక్కాల్సిన విమానం ఆయన లేకుండా వెళ్ళిపోయింది.

పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళాను. భీమవరం నుంచి ఎవరో తివాచీ కోసం వచ్చి, "మీ పూర్వీకులు ఎక్కడివాళ్ళండీ?" అని వాళ్ళే అడిగారు.

"ఈ ఊరేనండీ" అన్నారు బాబాయి గారు. చుట్ట విప్పేశారు. టీ కూడా చెప్పలేదు.

నా మీద ఒక్కసారి అరిచి ఉంటే బాగుండేది. వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే "జాగ్రత్తమ్మా" అన్నారు.

రఫీ, ఇవాళ పొద్దున్నంతా మున్సిపాలిటీలో నీ పక్కనే ఉన్నాను. అయినా నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, అందరి ముందూ. నన్ను తిట్టు. నీకు ఆ హక్కుంది.

డెత్ సర్టిఫికెట్ కోసం అక్కడి అమ్మాయి మీ నాన్న పేరు, వయసు అడిగింది గుర్తుందా? నేషనాలిటీ గడి దగ్గర మనల్ని అడగనే లేదు. తల కూడా ఎత్తకుండా ఇండియన్ అని కొట్టేసి తర్వాతి గడికి వెళ్ళిపోయింది.

నువ్వు సంతకం పెట్టావు. నేను చూస్తూ నిలబడ్డాను.

వెళ్ళి రండి బాబాయి గారూ. మీరెక్కడివారని అక్కడ ఎవరైనా అడిగితే, ఓడల దగ్గర్నుంచి మొదలుపెట్టి తీరిగ్గా అంతా చెప్పండి. మీ మనసుకి శాంతి దొరకాలి. నాకు దొరకకపోయినా పరవాలేదు.