ప్లాంటు సబ్బు, గంధం గిన్నె

మా ఇంట్లో అన్నిటికీ ఒకటే మందు, ప్లాంటు సబ్బు. నాన్న పనిచేసే ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో మసి, గ్రీజు వదిలించుకోవడానికి కార్మికులకి ఇచ్చే సబ్బు అది. దాంతో గిన్నెలు తోమేవాళ్ళం, నాన్న యూనిఫారం ఉతికేవాళ్ళం. అమ్మ నన్ను కూడా దాంతోనే ఉతికేది. భిలాయిలో మా వీధి తెలుగువాళ్ళందరిదీ ఒకటే నమ్మకం: ప్లాంటు ఇచ్చిందంటే అది గట్టి సరుకు. బొగ్గు మసినే వదిలించేది ఈ పిల్ల గజ్జిని వదిలించదా?

నాది గజ్జి కాదు, ఎగ్జిమా. తొంభైల్లో మా సెక్టారులో ఆ మాట ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, వేళ్ళ సందుల్లో ఎర్రగా లేచి, రసి కారి, ఎండి నల్లగా దళసరెక్కేది. బళ్ళో పిల్లలు నన్ను "ఖుజ్లీ", అంటే దురద, అని పిలిచేవారు. పిలిస్తే పిలవనీ అనుకునేదాన్ని. నా పక్కన ఎవరూ కూర్చోకపోతే బెంచీ అంతా నాదే కదా. కానీ అమ్మ కొబ్బరిపీచు పుచ్చుకుని వచ్చినప్పుడు మాత్రం ఆ ధీమా నిలిచేది కాదు.

"ఊరుకోయే, మురికి వదలొద్దేటి?" అని పళ్ళు బిగబట్టి రుద్దేది. ఎంత రుద్దితే అంత మండేది. మండితే గోక్కునేదాన్ని. గోక్కుంటే ఇంకా మురికి ఉందని మళ్ళీ రుద్దేది. అమ్మకి శుభ్రమంటే అంత పిచ్చి. తనూ తలుపేసుకుని అదే సబ్బుతో చాలాసేపు స్నానం చేసేది. మే నెల ఎండల్లో కూడా మోచేతులు దాటిన జాకెట్టే తొడుక్కునేది.

నేను పదకొండో క్లాసులో ఉండగా అక్కకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళు భిలాయి-3లో ఉండే రైల్వేవాళ్ళు. మా క్వార్టరు ముందే షామియానా వేసి చేద్దామనుకున్నారు. గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళ చేతికి గంధం పూసి పన్నీరు చల్లడం పెళ్ళికూతురి చెల్లెలి పని. ఎన్నో పెళ్ళిళ్ళలో వేరేవాళ్ళు ఆ పని చేస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. ఈసారి ఆ చోటు నాది. కొత్త బట్టల సంగతి పట్టించుకోకుండా ముందు వెండి గిన్నె తోమి దాచుకున్నాను.

విజయనగరం నుంచి వచ్చిన మేనత్త ఇంకా చేతిలో పెట్టె కింద పెట్టకుండానే నా చేతులు చూసింది.

"ఓలమ్మా! ఈ సేతుల్తో గుమ్మంలో నిలబడతాదేటి? మగపెళ్ళోరు సూస్తే ఏటనుకుంతారు? మా గుంట పూస్తాదిలే గంధం. దీన్ని లోపల కూకోబెట్టండి."

నాన్నకి అక్క, పెళ్ళి పనులకి పెద్ద. ఆవిడ మాటకి మా ఇంట్లో తిరుగులేదు. అమ్మ తల దించుకుని "అలాగే వదినా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది, దురద వల్ల కాదు.

నేను నాన్న దగ్గర బేరం పెట్టాను. చర్మం డాక్టరుకి చూపించు. ఇది అంటుకుంటుందని ఆయన చెబితే లోపలే కూర్చుంటాను. అంటుకోదంటే గుమ్మం నాది. నాన్న సరేనన్నాడు. అమ్మ కూడా మాతో ఆసుపత్రికి వచ్చింది.

డాక్టరు నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని మడత విప్పి చూశాడు. నా చెయ్యి అలా పట్టుకున్న పరాయి మనిషి అంతకుముందు లేడు. ఇది మురికి కాదు, పురుగు కాదు, ఎవరికీ అంటుకోదు అన్నాడు హిందీలో. చర్మంలో కాపలా కాసే కణాలుంటాయట. చర్మం పొడిబారి పగిలితే చాలు, శత్రువొచ్చాడని అవి రసాయనాలతో కబురు పంపుతాయట. ఆ కబురు విని రక్తంలోంచి ఇంకొన్ని కణాలు పరిగెత్తుకొస్తాయి. వచ్చినవి ఊరుకోకుండా మళ్ళీ కబురు పంపుతాయి. ఆ గోలే ఈ ఎరుపు, ఈ వాపు, ఈ దురద. గోకితే చర్మం ఇంకా పగులుతుంది, కథ మళ్ళీ మొదలు.

"అంటే గేసు నేకుండానే అలారం కొట్టేస్తందన్నమాట" అన్నాడు నాన్న నాతో. తన డ్యూటీలో రోజూ చూసేదే. డాక్టరుకి హిందీలో చెబితే ఆయన నవ్వి, అవును, ఆ అలారాన్ని మీరే రోజూ సబ్బుతో మోగిస్తున్నారు అన్నాడు. పాపం సబ్బుదేం తప్పు లేదు. చర్మానికి ఉండాల్సిన కాస్త జిడ్డుని కూడా అది గ్రీజే అనుకుంటుంది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఇది వంశంలో వస్తుంటుంది" అని అడిగాడు.

"నహీ" అంది అమ్మ, ఆయన మాట పూర్తవకుండానే. లేచి బయటికి వస్తూ గుమ్మంలో ఆగి, "అంటే మురికి కాదా బాబూ?" అని తెలుగులోనే అడిగింది. నాన్న హిందీలో చెబితే డాక్టరు కాదని తల ఊపాడు.

డాక్టరు చెప్పిన ఆ రసాయనాల కబుర్లకి పేర్లున్నాయని, వాటిలో కొన్ని తిన్నగా నరాల దగ్గరికే వెళ్ళి దురద పుట్టిస్తాయని, వాటిని మధ్యలోనే అడ్డుకునే మందులొచ్చాయని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. "గోక్కోకే, బుద్ధి లేదా" అన్న ప్రతివాళ్ళనీ పిలిచి ఆ పేజీ చదివించాలనిపించింది.

పెళ్ళినాటికి పూతమందుతో ఎరుపు తగ్గింది, నల్లమచ్చలు మాత్రం పోలేదు. పోకపోతే పోనీ. పొట్టిచేతుల జాకెట్టు తొడుక్కుని, గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మేనత్త తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"గిన్ని ఇలగ తే."

"ఇవ్వను" అన్నాను. కసి తీరక "నహీ దూంగీ" అని హిందీలో కూడా అన్నాను. "అంటుకోదని డాక్టరు చెప్పాడు."

"ఆయనకేటి, సెప్తాడు. ఈ సమ్మందం ఆయన తెచ్చినాడేటి?"

ఇంతలో మగపెళ్ళివారు వ్యాను దిగారు. అందరికంటే ముందు పెళ్ళికొడుకు తల్లి వచ్చింది. చెయ్యి చాపబోయి, నా మచ్చలు చూసి, పైట కొంగులోకి తీసేసుకుంది. నేను వేళ్ళకి గంధం తీసుకుని అలాగే నిలబడ్డాను. ఇప్పుడు వెనక్కి తగ్గితే జన్మంతా లోపలే కూర్చోవాలి. నాకు భయమేసింది, కానీ కదల్లేదు.

లోపల్నుంచి అమ్మ వచ్చింది. మేనత్త ఎదురుగా నిలబడి, తన జాకెట్టు చెయ్యి మోచేతి పైకి లాక్కుంది. మడతలో నల్లగా, దళసరిగా, పగుళ్ళతో అచ్చం నా మచ్చే.

"ఏటే ఇది?" అంది మేనత్త.

"నా పెళ్ళి కాకముందు నుంచీ ఉన్నాది వదినా. మీ ఇంట్ల అందరికీ వొండి పెట్టినాను ఈ సేత్తోనే. ఒక్కరికైనా అంటుకున్నాదేటి?"

అమ్మ ఆ చేతిని అందరి ముందూ నా వైపు చాపి, "పుయ్యే" అంది.

మొదటి గంధం అమ్మ మణికట్టుకి పూశాను. తర్వాత పెళ్ళికొడుకు తల్లి వైపు తిరిగాను.

"చెయ్యి ఇవ్వండి అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ ఇచ్చింది.