చెంబు కింద ఖైదీ

పొద్దున మనవడు, వాడి స్నేహితులు బల్ల మీద బొమ్మ సైనికుల్ని నిలబెట్టి, పాచికలు వేస్తూ ఏదో రాజ్యాల ఆట ఆడుతున్నారు. "దొరికినోన్ని ఏం జేద్దాం? సంపేద్దామా?" అన్నాడొకడు.

జమ్మలమడుగులో మా నాపరాళ్ల అరుగు కళ్లముందుకొచ్చింది. మన ఈడు వాళ్లకు గుర్తుందా, సుద్దతో గీసిన కోటలు, అరగదీసిన చింతపిక్కలు? గాజుముక్కలే మన సైనికులు, మంత్రులు. పట్టుబడినవాణ్ని బోర్లించిన చెంబు కింద పెట్టేవాళ్లం. పిక్కలు వేసినప్పుడల్లా ఖైదీకి ఒక శెనక్కాయ పెట్టాలి. పెట్టకపోతే వదిలేయాలి.

ఒకరోజు పక్కింటి ఫాతిమాతో ఆడుతున్నాను. ఆమె మంత్రి నా చెంబు కింద ఉన్నాడు. పొలం గట్టు తగాదాలో మా నాయనను సబ్‌జైల్లో పెట్టారు. అన్నం క్యారియర్ తీసుకుని వెళ్లిన అమ్మ ఇంకా రాలేదు. అన్నం లోపలికి పోనిచ్చారో లేదో.

"ఏందే, యాడ సూస్తాండావు? నా మంత్రికి కాయ పెట్టు, ల్యాకుంటే ఇడ్సు," అంది ఫాతిమా.

ఒళ్లో తడుముకున్నాను. కాయలన్నీ అయిపోయాయి. ఈ ఖైదీ పస్తుంటే అక్కడ నాయనా పస్తుంటాడనిపించి ఏడుపొచ్చేసింది. ఫాతిమా నా మొహంలోకి చూసింది. తన ఒళ్లోని కాయలు గుప్పెడు తీసి చెంబు పక్కన పోసింది.

అప్పుడు వీధి మలుపులో అమ్మ కనిపించింది. చేతిలో క్యారియర్ తేలిగ్గా ఊగుతోంది.

లేచి మనవడి బల్ల దగ్గరికి వెళ్లాను.

"అన్నం తిన్యాడారా?"

"ఎవరవ్వా?"

"మీకు దొరికినోడు."