చింతలపూడి మెట్టలో ఆస్ట్రియా ద్రాక్ష

2003 వేసవి. తాడేపల్లిగూడెంలో ఒక భూసార పరీక్షా కేంద్రంలో అప్పటికి పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. రైతులు గుడ్డసంచుల్లో మట్టి తెస్తారు. ఆరబెట్టి, జల్లించి పి.హెచ్. చూస్తాం, అంటే మట్టి పులుపా, క్షారమా అన్నది. ఇ.సి. చూస్తాం, అంటే ఉప్పు ఎంతుందన్నది. కాగితం చివర ‘అనుకూలమైన పంటలు’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని నింపడంలో నన్ను మించినవాడు లేడని నాకు మహా గీర.

ఒకరోజు చింతలపూడి వైపు నుంచి ప్రకాశం గారని ఒకాయన వచ్చి రెండు సంచులు బల్ల మీద పెట్టారు. ఒకటి తన మూడెకరాల ఎర్రమట్టి. రెండోది ఆస్ట్రియా మట్టి!

“అంత దూరం నుంచి మట్టి మోసుకొచ్చారా బాబూ!” అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. వాళ్ళ చర్చి ఫాదర్ గారి ద్వారా అక్కడొక మఠంలో ద్రాక్షతోట పనికి వెళ్ళి ఎనిమిదేళ్ళు ఉండి వచ్చారట.

“ఏటి ఒడ్డున కొండండీ. రాతిగోడలు కట్టి మెట్లుమెట్లుగా తోటలు. పై మెట్టున రాతినేల. అక్కడి తెల్ల వైను నాలిక్కి చురుక్కుమంటదండీ, మిరియం కొరికినట్టు. కింద మెట్టున దుమ్ములాంటి మెత్తటి మన్ను. తీగ అదేనండీ, కానీ ఆ వైను కమ్మగా ఉంటది. రెండిటికీ మధ్య నూరడుగులుండవు. వానెక్కువైన ఏడు ఒక రుచి, ఎండ కాసిన ఏడు ఇంకో రుచి. ఇంక కోతలప్పుడైతేనండీ...”

“అవన్నీ తర్వాత చెబుదురుగానండీ, సంచులిక్కడ పెట్టి వెళ్ళండి” అన్నాను. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు మరి.

ఆయన అక్కడి కొమ్మముక్కలు తడిగుడ్డలో చుట్టి తెచ్చి పెరట్లో బతికించుకున్నారు. పై మెట్టు మట్టికీ తన మట్టికీ పోలిక ఉంటే ఆ తీగలు పొలంలో నాటాలి, ఊరి చర్చిలో పూజకి ఆ ద్రాక్షరసమే ఇవ్వాలి, మిగతా పళ్ళు అమ్ముకోవాలి. అందుకు మూడెకరాల జీడిమామిడి కొట్టెయ్యాలి. ఆ ఇంట్లో నాలుగు వేళ్ళు నోట్లోకి వెళ్ళేది ఆ చెట్ల మీదే.

వారం తర్వాత ఫలితాలు చూస్తే నాకే ముచ్చటేసింది. రెండు మట్టులూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. గడిలో ‘ద్రాక్షకు మిక్కిలి అనుకూలం’ అని రాసి సంతకం పెట్టాను.

“అయితే చెట్లు కొట్టించెయ్యొచ్చాండీ?”

“నేల వరకు నాదీ పూచీ!” అన్నాను. ఎంత పొగరు! ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

2005 మే నెలలో ఆయన కబురు చేస్తే పొలానికి వెళ్ళాను. ఒక కొమ్మకి పండిన గుత్తి, పక్క కొమ్మకి అప్పుడే పూత, మూడోదానికి చిగురే లేదు. ముందువారం గాలివానకి పళ్ళు పగిలి బూజు పట్టాయి. ఏప్రిల్‌లో కోసిన పళ్ళు పిండి, పులియబెట్టిన రసం గ్లాసులో పోసి ఇచ్చారు. నోట్లో పోసుకుంటే చప్పగా ఉంది.

ఆయన భార్య మరియమ్మ గారు గుమ్మంలో నిలబడి, “ఆ జీడిచెట్లు మా మావయ్యగారు నాటినవండీ. మీ కాయితం చూశాకే గొడ్డలేశారండీ” అన్నారు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు పుస్తకాలు తిరగేశాను. అక్కడ తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. లేచేటప్పుడు కణుపుల్లోని కళ్ళన్నీ దాదాపు ఒకేసారి చిగురిస్తాయి. మన దగ్గర ఆ నిద్ర లేక తలోసారి లేచాయి. కాయ పండేటప్పుడు పగటి ఎండ తీపి తెస్తుంది, రాత్రి చలి పులుపును పోనివ్వదు. మన మెట్టలో ఏప్రిల్ రాత్రి కూడా ఉడుకే. తీపి వచ్చేసరికి పులుపు హరించుకుపోయింది. నేల ఇచ్చేది సగమే, మిగతా సగం కాలం ఇస్తుంది. కాలాన్ని పరీక్షించే గొట్టం మా దగ్గర లేదు, అడగడానికి నోరుంది కానీ అడగలేదు.

ఆ ఏడాదే తీగలు పీకేసి, పొలం పామాయిల్ వేసేవాళ్ళకి కౌలుకిచ్చి, ప్రకాశం గారు కొల్లేరులో చేపల చెరువు మీద మేత వేసే పనికి చేరారు. ఏలూరు వెళ్ళినప్పుడు వెతుక్కుంటూ వెళ్ళాను. గట్టు మీద తవుడు బస్తాలు మోస్తున్నారు.

“తప్పు నాదేనండీ. మట్టి ఒక్కటే చూశాను. అక్కడ రాత్రుళ్ళు ఎలా ఉంటాయని ఒక్క మాటైనా అడగలేదు” అన్నాను.

ఆయన బస్తా దించి మొహం తుడుచుకున్నారు.

“నాకు తెలుసు కదండీ. కోతలప్పుడు పొద్దున్నే దిగితే గుత్తి పట్టుకున్న వేళ్ళు కొంకర్లు పోయేవండీ. ఈ చలి లేకపోతే ఆ చురుకు రాదని మా మేస్త్రీ చెబుతానే ఉండేవోడు. ఆ రోజు మీకు అదే చెప్పబోయానండీ. తీరా మీరు చదువుకున్నోరు, రెండు మట్టులూ ఒకటేనని సంతకం పెట్టారు. చలి సంగతి అంత పెద్దది కాదేమోలే అనుకున్నానండీ.”

కోపంగా అనలేదు. మళ్ళీ బస్తా ఎత్తుకున్నారు.

ఆ తర్వాత నా సర్వీసు ఉన్నన్నాళ్ళూ రైతు చెప్పేది చివరిదాకా విన్నాకే కలం తీశాను. దానివల్ల ప్రకాశం గారికి ఒరిగిందేమీ లేదు.