మా సాయంత్రాలను మింగిన కారు

గుణదలలో మా సందు మొదట్లో ఒక పునుగుల బండి ఉంటుంది. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా రోజూ సాయంత్రం దాని పక్కన ఆగి, నాలుగు తలుపులూ, డిక్కీ కూడా బార్లా తెరిచి, తిన్నంతసేపూ పాటలు మోగించిన తెల్ల కారు మీద. మా ఇంటికి పాట చేరేది కాదు. దరువు మాత్రం నేలలోంచి వచ్చి కుర్చీ కోళ్లను పట్టుకునేది.

నా భార్యకు వినికిడి తగ్గి కొన్నేళ్లయింది. చాలాకాలం మొండికేసి, చివరకు గవర్నర్‌పేటలో చెవి మిషన్ పెట్టించుకుంది. ఆ రోజు ఇంటికి వచ్చి, నా మాటలు కాసేపు విని, "మీరు ఇంత గొణుగుతారాండీ? ఇన్నాళ్లూ ఎంత సుఖపడ్డానో," అంది. అప్పటినుంచి సాయంత్రాలు వరండాలో కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. అందులో సగం వాదనలే. మిషన్ తీయకుండా పెట్టుకుంటేనే చెవి అలవాటు పడుతుందని, అమర్చినాయన మరీ మరీ చెప్పాడు.

తరువాత ఈ కారు రావడం మొదలైంది. దరువు మిషన్‌లో పడి ఆమె తలలో సుత్తి దెబ్బలా మోగేది. ఆమె దాన్ని తీసి డబ్బాలో పెట్టేసేది.

నేను ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క అని నేర్చుకున్నవాణ్ణి. కారు వచ్చిన ప్రతిసారీ రాసి ఉంచాను. ముందు మర్యాదగానే అడిగాను.

"కాసేపే కదా అంకుల్," అన్నాడు కారు యజమాని, పునుగు నములుతూ. "మీరూ రండి, వేడిగా ఉన్నాయి."

"మా ఆవిడ చెవి మిషన్ పెట్టుకుంటుంది బాబూ. ఈ దరువు భరించలేకపోతోంది."

"మరి తీసేయమనండి. గొడవే ఉండదు."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ సలహాను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. పాట వినడానికే అయితే తలుపులు మూసుకుని వినవచ్చు. తన ఇష్టాన్ని వీధి మొత్తం చేత మోయించాలన్నది అతని సరదా.

ఫిర్యాదు తీసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. అక్కడి ఉద్యోగి అంతా చదివి, "దేవుడి పాటలా సార్, సినిమా పాటలా?" అని అడిగాడు.

"దేవుడి పాటలైతే మా గోడలు అదరవా?"

"అది కాదండీ, దేవుడి పాటలైతే మేం ఆపమంటే బాగోదు."

మరో రెండు ఫిర్యాదుల తరువాత స్టేషన్ నుంచి ఎవరో వచ్చి కారు యజమానిని మందలించారు. కారు వేరే సందుకు మారింది. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని ఆమెను పలకరించాను. ఆమె తల తిప్పలేదు. మిషన్ డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టి, కారు రావడం లేదని చేతులతో చెప్పాను.

"ఎందుకులెండి, ఇలాగే హాయిగా ఉంది," అని డబ్బాను పక్కకు జరిపి, చిక్కుడుకాయలు వలుచుకుంటూ కూర్చుంది.

ఆ కారు ఇప్పుడు ఏ సందులో ఆగుతోందో కనుక్కున్నాను. మళ్లీ రాస్తున్నాను. ఈసారి నా భార్యకు వినాలన్న కోరికే పోయిందని రాస్తాను. అది ఏ సెక్షన్ కిందికి వస్తుందో వాళ్లే తేల్చాలి.