ఉచిత సాఫ్ట్‌వేర్, ఆరు బిందెలు

2004 జూన్ 13, ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. అనంతపురంలో మా వీధికి వచ్చే నీళ్ల ట్యాంకరును నేనొక్కదాన్నే, చేత్తో ముట్టుకోకుండా, పరాయి వీధులకు ధారపోసిన మహత్కార్యం సరిగ్గా అప్పుడు మొదలైంది.

అప్పట్లో నేను లెక్కల టీచర్ని. ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది. నలభై ఇళ్ల వంతుల పుస్తకం పన్నెండేళ్లుగా నా చేతిలోనే ఉంది. ఇంటికొక కాగితం: వంతు సంఖ్య, పదకొండు గంటలకు, ఆరు బిందెలు. చెంబుడు తేడా వచ్చిందని ఎవరైనా అంటే ఒట్టు!

మా వీధిలోనే టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఖాజా నాకు ఉచిత సాఫ్ట్‌వేర్ పిచ్చి ఎక్కించాడు. డబ్బు కట్టక్కరలేదు, ఎవరైనా వాడుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు! ఊరంతా చాటాలనుకున్నాం. ప్రచార నిధి మాత్రం సున్నా. శనివారం వంతులన్నీ ఖాజా కంప్యూటర్లో, సీడీ పెట్టి నడిపే ఆ కొత్త సాఫ్ట్‌వేర్‌తోనే టైపు చేశాను. ఇక పుస్తకమెందుకు? నలభై కాగితాలూ చించి, ఖాళీగా ఉన్న వెనకవైపు రాశాను: “ఉచితం! మీరు తీసుకోండి, పక్కవాళ్లకూ పంచండి. ఆదివారం 10.20కి టైపు ఇన్‌స్టిట్యూట్‌కు రండి.” పక్క మూడు వీధుల్లో పంచేశాం. పైసా ఖర్చు లేదు! నా తెలివికి నేనే దిష్టి తీసుకున్నాను.

చెప్పిన వేళకు జనం, వాన వెలిసినాక ఉసిళ్లు లేచినట్టు వచ్చారు.

“మేడం, నూరుమంది పైనే ఉండారు!” అన్నాడు ఖాజా.

“నూట పద్దెనిమిది,” అన్నాను, కళ్లు చెమర్చి. తలలు లెక్కపెట్టిన ఆ కళ్లకు చంకల్లోని బిందెలు మాత్రం ఆనలేదు.

ముందు నిలబడిన పక్క వీధి ఓబుళమ్మ అడిగింది: “టీచరమ్మా, ట్యాంకరు యాడ?”

“ట్యాంకరేమిటి? ఇది సాఫ్ట్‌వేర్!”

“అదేందో మాకొద్దు. ఈడ రాసుండాది కదమ్మా, పదకొండుకు ఆరు బిందెలని!” కాగితం తిప్పి చూపించింది.

“అది మా వీధి వంతు!”

“మీ వీధిదైతే మా ఇండ్లకెందుకిచ్చినావు? ఉచితమంటివి, వచ్చినాం. పక్కోళ్లకు పంచమంటివి, పిల్చుకొచ్చినాం. ఇప్పుడు లేదంటే యట్లమ్మా?”

ఉచితమన్నది సాఫ్ట్‌వేర్ అని మళ్లీ మొదలుపెట్టాను. అంతలో ట్యాంకరు హారన్ మోగింది. మా వీధివాళ్లూ బిందెలతో ఉరికొచ్చారు.

“ఏమప్పా, లిస్టు యాడుంది? లిస్టు లేనిదే పైపు ఇప్పేది లేదు,” అన్నాడు డ్రైవరు.

“కంప్యూటర్లో!” అని గర్జించి లోపలికి దూకాను. తెర మా కుళాయిలాగే ఎండి ఉంది.

“మేడం, నిన్న ఫ్లాపీలో దాచినారా? మిషను ఆపేస్తే రాసిందంతా పోతాదని చెప్పినా కదా!”

“దాచడానికి ఫ్లాపీ ఏదయ్యా?”

“పదిహేను రూపాయలు దండగంటిరి కదా, మీరే!”

బయటికొచ్చేసరికి డ్రైవరు తీర్పు చెప్పేశాడు: “కాగితముండేవాళ్లకే నీళ్లు.” మా వీధిలో ఒక్కరి దగ్గరా కాగితం లేదు. వాటిని పంచిన మనిషి మాత్రం ఉంది. అందరూ ఆ మనిషినే చూశారు. కోటి విద్యలూ కూటి కొరకే అంటారు గానీ, మా అనంతపురంలో బిందె నీళ్ల కొరకే. నా విద్య పక్క వీధుల గొంతు తడిపింది.

ఆ తడి నేల సాక్షిగా ప్రమాణం చేశాను: కాగితం రెండో వైపు చదవకుండా ఈ జన్మలో ఎవరికీ ఏదీ ఉచితంగా ఇవ్వను.

పోయినవి: నీళ్లు, రెండువందల నలభై బిందెలు. వంతుల పుస్తకం, ఒకటి. దాన్ని రాసే పదవి, పన్నెండేళ్లది. తోపులాటలో మా ఇత్తడి బిందె, ఒకటి. ఆవేళ పంచుదామని ఖాజా సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ సీడీలు ముప్పై. రెండుసార్లు లెక్కపెట్టాను. ఒక్కటీ పోలేదు.