మా అక్క తీసిన చేప ముళ్ళు

రాజాంలో ఉన్న మా అక్క మీద నాకు అరవై ఏళ్ళ కోపం. చిన్నప్పుడు అందరి కంచాల్లోనూ చేప ముక్కలుండేవి. నా కంచంలో మాత్రం ఆమె చిదిపి పెట్టిన తునకలే.

నిన్న చేపల పులుసు తింటుంటే, ఇంగ్లీషు బడిలో చదివే మనవరాలు, "తాతా, ఇంగ్లీషులో ఎముకా బోనే, చేప ముల్లూ బోనే" అంది.

"ముల్లుకి ఏరే మాటే లేనోళ్ళు సేపలేటి తింటారే? ఇలా తే, ముళ్ళు తీసి పెడతాను" అన్నాను.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ మట్టి దాక, సత్తు కంచాలు, చింతపండు పులుసు వాసన. అమ్మ ఊడ్పులకి వెళితే అక్కే వడ్డించేది. "నాకూ నిండు ముక్క ఎయ్యే" అంటే, "గొంతులో ముల్లు దిగితే సస్తావురా, నోర్మూసుకుని తిను" అనేది. ప్రతి తునకా వేళ్ళతో తడిమి మరీ పెట్టేది.

నిన్న మనవరాలు నా ముక్క కూడా తినేసి లేచిపోయింది. నాకు ముళ్ళూ, చల్లారిన పులుసూ మిగిలాయి.

మేనల్లుడా, ఇది మీ అమ్మకి చదివి వినిపించు. అక్కా, ఆ రోజుల్లో నువ్వేటి తినేదానివి? ఆదివారం లోపల ఫోన్ చేసి చెప్పు. గుర్తులేదంటే ఒప్పుకోను.