బావ విప్పి ఇచ్చిన బెల్టు

కిందటి ఆదివారం మా మనవరాలి పుట్టినరోజని అందరూ కలిసి నన్ను హైవే పక్కన కొత్తగా పెట్టిన విమానం హోటలుకి తీసుకెళ్లారు. నిజం విమానమే. ఎక్కడో తుక్కు కింద అమ్మేసిన పాత మిలిటరీ రవాణా విమానాన్ని ముక్కలుగా లారీల మీద తెచ్చి, మళ్లీ అతికించి, తెల్లరంగు కొట్టి, లోపల ఎర్ర సోఫాలు వేసి బిర్యానీ పెడుతున్నారు. పాతబడ్డ వస్తువు దేనికో ఒకదానికి పనికొస్తే నాకేమీ అభ్యంతరం లేదు. కాని మెట్ల దగ్గర ఒక బోర్డు పెట్టారు, ‘ఒకప్పుడు మన జవాన్లు హాయిగా ప్రయాణించిన విమానం’ అని. ఆ ‘హాయిగా’ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. లోపలికెళ్తే, వెనకవైపు పెద్ద తలుపుకి ప్లాస్టిక్ పూలదండలు కట్టి, అక్కడ నిలబడి ఫోటోలు దిగమని ఒకాయన వచ్చినవాళ్లందరినీ పిలుస్తున్నాడు. నేను అన్నం ముట్టలేదు. అలాగే అరసవల్లిలో మా ఇంటికి వచ్చేశాను. ఇంట్లోవాళ్లు షుగరు పడిపోయిందేమోనని కంగారుపడ్డారు.

నా ఈడువాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకైనా చెప్పుకోవాలి, ఆ తలుపు దగ్గర నిలబడటం ఎలా ఉండేదో.

మాది నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో పనిచేసే కుటుంబం. మా అక్కని చీపురుపల్లి ఇచ్చారు. బావ పెళ్లికి ముందే మిలిటరీలో చేరాడు. ఆయన సెలవుల్లో తెచ్చే నల్ల ట్రంకుపెట్టెనీ, నిగనిగలాడే బూట్లనీ చూసి నేనూ చేరిపోయాను. ఇద్దరం ఒకే పనిలో పడ్డాం. ఈశాన్యం కొండల మీద, రోడ్డన్నది లేని చోట మన సైనికులుండే పోస్టులకి విమానంలోంచి బియ్యం, ఉప్పు, పప్పు కిందికి తోసే పని. పైలట్లు వాయుసేనవాళ్లు, బస్తాలు తోసేవాళ్లం మేము. మొదటిసారి సెలవుకి వస్తే మా అమ్మ అడిగింది, ఆ విమానం కిటికీలోంచి మన మడులు కనిపిస్తాయా అని. కనిపిస్తాయనే చెప్పాను. ఆమె చాలాకాలం, పైన ఏ విమానం మోత వినిపించినా పార వదిలేసి తలెత్తి చూసేదట.

ఆ విమానంలో సీట్లుండేవి కావు. రేకు నేల, రేకు గోడలు, ఆ గోడలకి ఇనుపరింగులు, మధ్యలో మా ఛాతీ ఎత్తున బస్తాలు. వెనక తలుపు బిగించి ఉండేది కాదు, అసలు దాన్ని పీకేసి నేలమీదే వదిలేసి వెళ్లేవాళ్లం. ఆ ఖాళీలోంచి వచ్చే చలిగాలికి పళ్లు టకటక కొట్టుకునేవి. లోయ మీద గుండ్రంగా తిరుగుతూ ఉంటే, కింద తెల్లగుడ్డతో వేసిన గుర్తు కనబడగానే పైలట్ గంట కొట్టేవాడు. నలుగురం కలిసి కాళ్లతో, భుజాలతో బస్తాలు తోసేవాళ్లం. మళ్లీ గంట, మళ్లీ తిరుగుడు. కొండగాలి ఒక్కోసారి విమానాన్ని గుప్పున పైకి విసిరి, మరుక్షణం బావిలో చేద వదిలినట్టు వదిలేసేది. మనిషి బస్తాతో పాటు బయటికి జారిపోకుండా నడుముకి ఒక బెల్టు, దానికి తాడు, ఆ తాడు గోడ రింగుకి. మనుషులం నలుగురం. బెల్టులు రెండు. మిగతావి రిపేరుకి వెళ్లాయని నేను చేరిన రోజున చెప్పారు, ఏడాది తర్వాత కూడా అదే చెప్పారు. సీనియర్లిద్దరూ బెల్టు కట్టుకునేవారు, మిగతా ఇద్దరం చేతికందింది పట్టుకునేవాళ్లం.

ఒక రోజు నాకు ఒంట్లో బాగోలేదు. విమానం పైకి లేచిన దగ్గర్నుంచీ ఒకటే వాంతులు. పైలట్ రెండో గంట కొట్టేసరికి నేను తలుపు వైపు తూలడం బావ చూశాడు. సీనియర్ కాబట్టి ఆయనకి బెల్టు ఉంది. విప్పి నా నడుముకి బిగించేశాడు. నేను వద్దంటుంటే ఇంజన్ల మోతలో నా చెవి దగ్గర అరిచాడు.

“ఒరే బామ్మర్దీ, నువ్వు పడిపోతే మీ అక్కకి నానేటి సెప్పాల్రా? కట్టుకో, నాకేటవ్వదు!”

తర్వాతి తిరుగుడులో గాలి కొట్టింది. విమానం పక్కకి ఒరిగి, బస్తాల వరసంతా ఒక్కసారిగా జారి, బావని తలుపు చట్రానికేసి కొట్టింది. ఆయన నడుము పైభాగం బయట గాల్లో ఉంది. నేను ఆయన కాళ్లు పట్టుకుని వెనక్కి పడ్డాను. తాడు నన్ను ఆపింది, నేను ఆయన్ని ఆపాను. ప్రాణం దక్కింది కాని తుంటి ఎముక నుజ్జయిపోయింది.

వారం తిరక్కుండానే విచారణ పెట్టారు. పెద్దాఫీసరు హిందీలో అడుగుతుంటే గుమస్తా ఇంగ్లీషులో రాసుకుంటున్నాడు. అప్పటికి నాకు రెండూ అంతంతమాత్రం. నువ్వు బెల్టు కట్టుకున్నావా అని అడిగాడు. కట్టుకున్నానన్నాను. అయితే విమానంలో బెల్టులున్నాయన్నమాట, అన్నాడు. ఉన్నాయన్నాను. చాలు, సంతకం పెట్టమన్నాడు. ఇంకా చెప్పాలని నోరు తెరిచాను. వేలితో గుమ్మం చూపించాడు. నేను సంతకం పెట్టి బయటికి వచ్చేశాను.

బావని ఇంటికి పంపిన కాగితంలో ఒక మాట రాశారు. బెల్టు ఉండి కూడా కట్టుకోనందువల్ల, స్వంత నిర్లక్ష్యం వల్ల దెబ్బ తగిలిందని. రెండు బెల్టులిచ్చి నలుగురిని తలుపు తీసిన విమానంలో పంపినవాళ్ల పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

సెలవు దొరకగానే చీపురుపల్లి వెళ్లి, మంచం పక్కన కూర్చుని, ఆ మాట నా సంతకం మీదే నిలబడిందని బావకి చెప్పేశాను. అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు.

“నువ్వబద్ధం సెప్పలేదు కదరా. బెల్టు ఉన్నాదా అన్నారు, ఉన్నాదన్నావు. అదెవరిదని ఆళ్లడగలేదు.”

తర్వాత కర్రల సాయంతో లేచి తిరిగాడు, మెట్టపొలంలో గోగు పంట వేయించాడు, పిల్లల్ని చదివించాడు. ఊళ్లో ఎవరైనా కాలికేమైందని అడిగితే మాత్రం ఆ కాగితంలో మాట గుర్తొచ్చి ముఖం మాడిపోయేది. నాతో ఒకటే అనేవాడు.

“నాకింకేటీ వద్దురా. ఆ ఒక్క మాట కొట్టేమను, సాలు.”

నేను రిటైరై వచ్చాక ఆ మాట కొట్టించడానికి కూర్చున్నాను. అర్జీల మీద అర్జీలు పెట్టాను. ఆనాటి పైలట్ ఏ ఊళ్లో ఉన్నాడో కష్టపడి పట్టుకుని రాస్తే, ఆ మహానుభావుడు వణికే అక్షరాలతో రెండు పేజీలు జవాబు రాశాడు. బెల్టులు తక్కువున్నాయని తాను ఆనాడే చెప్పాననీ, తననెవరూ పిలిచి అడగలేదనీ. దాని నకలు జతచేసి పంపి, అసలుది అక్క దగ్గర ఉంచాను. రెండేళ్లకి మూడు వరసల జవాబొచ్చింది. ఆ కాలం ఫైళ్లు నాశనం చేసేశారు, కనక మార్పు సాధ్యం కాదు. మనిషి మీద నింద వేయడానికి ఉన్న ఫైలు, ఆ నింద తుడవడానికి వచ్చేసరికి లేకుండా పోయింది! ఆ జవాబు బావకి చదివి వినిపించాను. ఆయన నవ్వాడు.

“ఆళ్లు మర్సిపోయినారు. నాకే మరుపు రాలేదు.”

బావ పోయి ఆరేళ్లయింది. దినకర్మల నాడు అక్క పైలట్ ఉత్తరం నా చేతికిచ్చి, వచ్చినవాళ్లందరి ముందూ గట్టిగా చదవమంది. చదివాను. అక్క ఏడవలేదు. చదవడం అయ్యాక, విన్నారు కదా అన్నట్టు ఒక్కొక్కరి ముఖం కేసీ చూసింది.

ఆ కొండల మీదికి ఇప్పుడు రోడ్లు పడ్డాయట, పోస్టుల గుమ్మం దాకా లారీలు వెళ్తున్నాయట. సంతోషమే. ఆ పని ఇంకే తల్లి కన్నబిడ్డకీ వద్దు. నేనూ మారాను. ఇప్పుడు నాకు హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, వేలితో గుమ్మం చూపిస్తే బెదిరేవాణ్ణి కాను. ఆ బెల్టు ఎవరిదని ఒక్కరు అడిగితే చాలు, నిలబడి పూసగుచ్చినట్టు చెప్పగలను. అడగవలసినవాళ్లే ఒక్కరూ మిగల్లేదు.